ప్రదర్శనశాలలోని చిరుతిండ్లు – మన అంగడి
(గత ఆదివారము సంఘభవనమున జరిగిన సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఈ దినమున చిరుతిండ్లను గూర్చి మాటలాడుదుమని తెలిపినపుడు కార్యదర్శిగారు చిరునవ్వు నవ్విరి. ఈ వేదికమీద పండితులు కావ్యములను గూర్చి ప్రసంగించియున్నారు. మేము చదివినది పదవ తరగతి. చేయునది పప్పులు, మిరపకాయల వ్యాపారము. కావ్యములను గూర్చి పలుకుటకు మేము తగము. బజ్జీని గూర్చి పలుకుటకు మాత్రము కొంత అర్హత కలదని మా మనవి. శనగపిండిని ఇరువదియైదేండ్లుగా తూచుచున్నాము. అంతకంటె ఎక్కువ కాలముగా తినుచున్నాము.

విషయము నవ్వులాటది కాదు. రాబోవు సంక్రాంతి దినములలో ఐలాండు మైదానమున జరుగు ప్రదర్శనశాలలో మన సంఘము ఒక తినుబండారముల అంగడి పెట్టవలెనా వలదా యని వచ్చు ఆదివారము కార్యవర్గము నిర్ణయింపవలసియున్నది. పెట్టవలెనని యువకులు, వలదని పెద్దలు పట్టుపట్టియున్నారు. మేము ఆ ఇరువురి నడుమ వయస్సువారము. ఇరుపక్షముల కోపమును చవిచూచినాము. మా అభిప్రాయము చెప్పుటకు ముందు ఆ ప్రదర్శనశాలలో మనము ఇంతకాలము ఏమి తినుచు వచ్చితిమో జ్ఞప్తికి తెచ్చుకొందము.

చెన్నపట్టణమునకు సంతలు క్రొత్త కావు. నేటి సెంట్రలు స్టేషను ప్రక్క పీపుల్సు పార్కులో సంవత్సరాంతమున పెద్ద సంత జరిగెడిది. దానినే మన పెద్దలు పార్కు ఫేరు అనిరి. 1886 డిసెంబరు 31వ తేదీన ఆ సంతలో నిప్పంటుకొని వందలమంది మరణించిరి. పొయ్యి వెలిగించి అంగడి పెట్టదలచిన మనము ఈ సంగతి మరువరాదు గనుక ముందుగనే చెప్పితిమి. నేటి ప్రదర్శనశాలను తమిళనాడు పర్యాటకాభివృద్ధి సంస్థ నడపుచున్నది. సంక్రాంతి దినములలో మొదలై రెండు నెలలకు పైగా సాగును. కూవము నది పాయల నడుమనున్న ఆ మైదానమును తమిళులు తీవుత్తిడలు అందురు. దాని చెంత రికాబులు లేని గుఱ్ఱముపై మన్రో దొర విగ్రహము 1839 నుండి నిలిచియున్నది. ఈయన 1800 మొదలు 1807 వరకు దత్తమండలముల కలెక్టరుగా నుండి, పిమ్మట ఈ రాజధానికి గవర్నరై, 1827లో మన పత్తికొండలో కలరా సోకి మరణించెను. తిరుమల స్వామికి నైవేద్యము పెట్టు మన్రో గంగాళము ఆయన పేరిటిదే. తెలుగువారి తిండికి పేరునిచ్చిన ఒక దొరగారి ఎదుటనే మనము బజ్జీలు తినుచున్నామనుట మాకు ఎప్పుడును వేడుకగా తోచును.

మా బాల్యమున, అనగా కొత్వాలు చావడి ఇంకను కొత్వాలు చావడిగానే యున్న దినములలో, టౌనులోని మన కుటుంబములు ప్రదర్శనశాలకు విడివిడిగా పోయెడివి కావు. మా వీథిలో నాలుగైదు దుకాణములవారు కలసి ఒక దినమును ఏర్పరచుకొనెడివారు. సంక్రాంతి సరకు అమ్ముడై, లెక్కలు తేలిన పిమ్మట వచ్చు మొదటి ఆదివారమే ఆ దినము. ఇండ్లనుండి కారియర్లలో పులిహోర, దద్దోజనము, మాగాయ ముక్కలు బయలుదేరెడివి. మా నాయనగారి కట్టడి ఒకటి కలదు. మొదట ప్రభుత్వశాఖల మంటపములు చూడవలెను, పిమ్మట రంగులరాట్నము, ఆ పిమ్మటనే తిండి. ఒక్కొక్క పిల్లకు నూనెవస్తువు ఒకటి, తీపి ఒకటి, అంతే. రాట్నమునకు ముందు తిన్నవాని గతి ఏమగునో ఒక సంవత్సరము మా చిన్నాయన కుమారుడు అందరికిని చూపినాడు. దానిని ఈ సభలో వర్ణింపము.

మా అవ్వ మడి, ఆచారములు తప్పని మనిషి. బయట మంచినీరు సైతము ముట్టెడిది కాదు. హోటలు మెట్టు జన్మమున ఎక్కి యెరుగదు. ప్రదర్శనశాలకు వచ్చినను తన పులిహోర పొట్లము తనదే. ఒక మూల పమిట కప్పుకొని కూర్చుండెడిది. అట్టి అవ్వ ఒక సంవత్సరము ఢిల్లీ అప్పళము తిన్నది. మన యింటనున్నవారు అప్పళమనియే అందురు. ఆంధ్రదేశపు బంధువులు వచ్చినపుడు అప్పడమని దిద్దుదురు. ఏ పేరున పిలిచినను నూనెలో అది ఒకే విధముగా పొంగును. ఆ ఢిల్లీ అప్పళము విస్తరియంత యుండును. పేరు ఢిల్లీదైనను దాని కీర్తి అంతయు మన ప్రదర్శనశాలదే. మైసూరు దసరా ప్రదర్శనశాలలోను దానికి అంతటి గిరాకి కలదు. పెద్ద బాణలిలో వేయగానే అలలు అలలుగా లేచి, పైన ఉప్పుకారము చల్లించుకొని, చేతికి వచ్చును. మా చెల్లెలు దానిని రెండు చేతులతో పట్టుకొని ముఖము కనబడకుండ నడచివచ్చుచుండగా, అవ్వ కొంతసేపు చూచి, “నూనెలో వేగినదానికి అంటు లేదులే, నా కన్నుల యెదుటనే వేగినది గదా” యని ఒక అంచు విరుచుకొన్నది. రెండవ అంచు కూడ విరుచుకొన్నది. ఆ సాయంకాలము మా నాయనగారు మరియొక అప్పళము కొనితెచ్చిరి. కట్టడి తప్పినందుకు ఎవరును ఏమియు అనలేదు.

ఆ అప్పళమును గూర్చి ఒక వర్తకుని మాట. అది ఇంటికి కొనిపోవు వస్తువు కాదు. ఐలాండు మైదానమునకు సముద్రము చేరువ; ఆ గాలి తేమకు కొద్దిసేపటిలోనే మెత్తబడును. నలుగురు చుట్టు నిలిచి విరిచి, కారము కన్నులలో పడకుండ చూచుకొని, అక్కడనే ముగింపవలెను.

ఇక బజ్జీ. ఈ విషయమున మేము కొంత విస్తరించి చెప్పుదుము, మన్నింపుడు. బజ్జీకి వాడు మిరపకాయ మేము అమ్ము గుంటూరు ఎండుమిరపకాయ జాతి కాదు. అది పొడవుగా, లావుగా, లేతాకుపచ్చగా నుండి కారము తక్కువైనది. పట్టణమున సాధారణముగా దానిని చీల్చియో చీల్చకయో పిండిలో ముంచి వేయింతురు. ప్రక్కన కొబ్బరి పచ్చడి పెట్టుదురు. మన యిండ్లలో అట్లు కాదు. కాయను నిలువున చీల్చి, గింజలు తీసి, వాము, ఉప్పు, చిక్కని చింతపండు గుజ్జు కలిపి నూరిన ముద్దను లోపల పూయుదుము. వేగిన పిమ్మట మరల చీల్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు కూరి, నిమ్మరసము పిండుదుము. శనగపిండి వలన కలుగు కడుపుబ్బరమునకు వాము విరుగుడని పెద్దలందురు. రుచికి కూడ వామే ప్రాణము. పిండిలో బియ్యపుపిండి కొంచెము, కాగిన నూనె ఒక గరిటె పోసినచో పైపొర కరకరలాడును. బఠాణీపిండి కలిసిన శనగపిండితో ఈ బజ్జీ చేయరాదు. అట్టి పిండి చవుకగా దొరకుచున్నదని మాకు తెలియును. మా దుకాణమున దొరకదని మీకు తెలియును.

హైదరాబాదులో 1938లో మొదలైన నుమాయిషు, 1946 నుండి నాంపల్లి మైదానమున జరుగుచున్నది. అక్కడి మిర్చిబజ్జీలో చింతపండుతో నువ్వులు, వేరుశనగలు కూడ నూరి పెట్టువారు కలరు. అది వేరొక రుచి. దానిని తక్కువ చేయము. మేము పోయినపుడు రెండు తిన్నాము, మూడవది కట్టించుకొన్నాము.

గత సంవత్సరము జరిగిన ఒక చిన్న సంగతి చెప్పవలసియున్నది. మా చిన్నమ్మాయితో ప్రదర్శనశాలకు పోయితిమి. ఒక అంగడిపై ఆంధ్రా మిళగాయ్ బజ్జీ యని తమిళమున పెద్ద పలక కలదు. “ఇది మనదేనా, నాన్నా” యని అది అడిగినది. కొని యిచ్చితిమి. ఒక ముక్క కొరికి, “మనది కాదు, వాము లేదు” అన్నది. అంగడివాడు విన్నాడు. ఏమి లేదని తమిళమున అడిగినాడు. అమ్మాయి తమిళము మనకంటె చక్కగా మాటలాడును; బడిలో చదువునది అదియే గదా. కాని వాము అను మాటకు తమిళము దానికి తెలియదు. ఎందుకనగా ఆ వస్తువును అది వంటయింటనే ఎరుగును, బడిలో కాదు. “వాము, వాము” అని రెండుమార్లు చెప్పి, కాయ లోపల ఎట్లు పూయుదురో చేతితో చూపినది. అతడు ఆలోచించి “ఓమమా!” యని నవ్వి, ఒక కాయను చీల్చి, ఎంత పెట్టవలెనో చూపుమన్నాడు. డబ్బు పుచ్చుకొనలేదు. మేము బలవంతముగా ఇచ్చి వచ్చితిమి.

ఆ రాత్రి మాకు నిదుర పట్టలేదు. మా అమ్మాయికి తెలుగు అక్షరములు గుణింతముల వరకే వచ్చును. 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చిన పిమ్మట బడులలో తెలుగు చదువు ఏ యిక్కట్లలో పడినదో ఈ సభలో కూర్చున్న తలిదండ్రులకు మేము చెప్పవలసిన పనిలేదు. తమిళము నేర్చుట మనకు భారము కాదు. తరతరములుగా ఈ ఊరి ఉప్పు తినుచున్నాము, ఈ భాషలోనే సరకు అమ్ముచున్నాము. కాని పీచుమిఠాయి మన పిల్లలకు పంజుమిఠాయి యైనది, గుగ్గిళ్ళు సుండలైనవి, వాము ఒక్కటి మిగిలియున్నది. మన ఆదివారపు తెలుగు తరగతికి పదునొకండుగురు పిల్లలు వచ్చుచున్నారు. ఉపాధ్యాయినికి ఇచ్చు స్వల్ప గౌరవవేతనమును ఈ సంవత్సరము రెండుమార్లు ఆలస్యముగా ఇచ్చితిమి. కోశాధికారిగారు ఇక్కడనే యున్నారు.

పీచుమిఠాయిని గూర్చి కూడ ఒక మాట. దానిని యంత్రముపై తీయు పద్ధతిని అమెరికాలో ఒక దంతవైద్యుడు, ఒక మిఠాయివాడు కలసి కనుగొనిరి. పళ్ళ వైద్యుడే చక్కెర పీచు తీయుట విచిత్రము గదా! 1904లో సెయింటు లూయిసు నగరపు ప్రపంచప్రదర్శనశాలలో వారు దానిని అరువదియెనిమిదివేలకు పైగా పెట్టెలు అమ్మిరి. మన పిల్లలు గులాబిరంగుదానినే కోరుదురు. ఆ రంగులో రోడమీన్-బి అను బట్టల రంగు పరీక్షలలో బయటపడుటచే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వము పీచుమిఠాయి అమ్మకమును నిషేధించినది. మేము చిన్నతనమున ఆ గులాబిరంగును నాలుకపై చూపుకొని ఒకరినొకరు మెచ్చుకొంటిమి. ఇప్పుడు తలచుకొన్న గుండె ఝల్లుమనును. మన అంగడిలో రంగువస్తువు ఒక్కటియు ఉండరాదని యువకులకు ముందే చెప్పియున్నాము, వారు ఒప్పుకొనిరి.

ఇప్పుడు పెద్దల ఆక్షేపణలకు వత్తుము. సంఘము హోటలు కాదనియు, పరువుగల కుటుంబముల స్త్రీలు సంతలో గరిటె పట్టుట తగదనియు వారి వాదము. ఈ మాటను మేము తేలికగా తీసివేయము; మా తల్లిగారు కూడ అదే మాట అనిరి. టెక్సాసు రాష్ట్రమున స్థిరపడిన మా మేనల్లుడు అక్కడి రాష్ట్రప్రదర్శనశాలను గూర్చి ఫోనులో చెప్పిన సంగతులు వారికి వినిపించితిమి. అమెరికాలో ఇట్టి రాష్ట్రప్రదర్శనశాలలు 1841లో న్యూయార్కు రాష్ట్రమున మొదలైనవి. రైతులు పశువులను, పంటలను తెచ్చుదురు. గృహిణులు తాము పట్టిన ఊరగాయలను, పండ్లపాకములను, రొట్టెలను పందెమునకు పెట్టుదురు. మొదటి బహుమానము పొందినదానికి నీలి పట్టీ కట్టుదురు. అది ఇంటి గోడపై వ్రేలాడదీసికొను గౌరవము. అక్కడ ప్రసిద్ధమైన తిండి పుల్లకు గ్రుచ్చి వేయించిన మాంసపు వంటకమట. మావాడు శాకాహారి గనుక కాల్చిన మొక్కజొన్నకండెతోను, ఫన్నెలు కేకుతోను తృప్తిపడెను. గరాటునుండి పిండిని మరగు నూనెలో చుట్లు చుట్లుగా పోసి, పైన చక్కెరపొడి చల్లుదురట. “పాకము మరచిన జిలేబి” యని వాడు వర్ణించినాడు. మా తల్లిగారు జిలేబి మాట పట్టించుకొనక, ఊరగాయకు బహుమానమిత్తురా యని రెండుమార్లు అడిగిరి.

మరియొక ఆక్షేపణ నష్టమును గూర్చినది. దీనికి కారకులము మేమే గనుక నిజము చెప్పుదుము. కొన్ని యేండ్ల క్రిందట ఒక బడి ఆవరణలో జరిగిన సంతలో మన సంఘము బొబ్బట్ల అంగడి పెట్టినది. ఆరువందల బొబ్బట్లు ముందటి రాత్రి ఇండ్లలో చేయించి, డబ్బాలలో పేర్చి తెచ్చితిమి. అట్లు చేయుట మా ఆలోచనయే; అంగడిలో పొగ, జిడ్డు ఉండరాదని తలచితిమి. పిండి మేలైనది, నేయి మేలైనది. సాయంకాలమునకు ఇన్నూరు కూడ పోలేదు. ప్రక్క అంగడిలో ఒక స్త్రీ ఒక్క పొయ్యి, ఒక్క బాణలితో అరటికాయ బజ్జీలు వేయుచుండెను; జనము మా అంగడిని మూసివేయునట్లు ఆమె ముందు నిలిచిరి. మిగిలిన బొబ్బట్లను మూడు దినములు అందరి యిండ్లలోను తింటిరి. ఆ నష్టపు లెక్క పుస్తకమున కలదు. ఇన్నేండ్ల వ్యాపారమున అంతటి పొరపాటు చేయలేదు. సంతలో జనము ముందుగా బాణలి చప్పుడు విందురు, పిమ్మట వాసన పట్టుదురు, ఆ పిమ్మటనే పలక చదువుదురు. అవ్వ అప్పళము తిన్ననాడు చెప్పిన మాట – తన కన్నుల యెదుటనే వేగినదని – మాకు అప్పుడు జ్ఞప్తికి రాలేదు.

కావున అంగడి పెట్టవలెననియే మా అభిప్రాయము. మూడే వస్తువులు, మూడును జనము చూచుచుండగా చేయవలెను. వాముపెట్టిన మిరపకాయ బజ్జీ. అల్లపు పచ్చడితో పెసరట్టు. పెనము మీదనుండి నేరుగా ఆకుమీద పడు బొబ్బట్టు. ఈ మూడవదానిని పలకపై ఏ పేరున వ్రాయవలెనో కార్యవర్గము తేల్చుకొనవలెను. మనలో కొందరు భక్ష్యములందురు, కొందరు ఓళిగలందురు, గత సమావేశమున ఈ ఒక్క మాటపై అరగంట గడచినది. ఏది వ్రాసినను తెలుగునను తమిళమునను రెండింటను వ్రాయవలెను. తెలుగు అక్షరములను ఆదివారపు తరగతి పిల్లలే వ్రాయుదురు గాక. వంకరగా నున్నను దిద్దకుడు.

నూనెను మరల మరల మరగించుట కూడదు. ఎంతవరకు పాడైన నూనె వాడరాదో 2018 జూలై నుండి చట్టము కొలత నిర్ణయించియున్నది. ఆ కొలత దాకా పోనీయక ఏ సాయంకాలపు నూనెను ఆ సాయంకాలమే తీసివేయుదము. ఆహారభద్రతాశాఖ రిజిస్ట్రేషను ముందుగా పొందవలెను. 2019 జనవరి నుండి ప్లాస్టికు పళ్ళెములు ఈ రాష్ట్రమున చెల్లవు గనుక ఆకుదొప్పలు చాలును. 2019 జనవరి చివర నుమాయిషులోను నిప్పంటుకొని అంగళ్ళు బూడిదయైనవి. ఇసుక బాల్చీలు, మంటలార్పు పరికరము లేక మన పొయ్యి వెలుగరాదు. ఇందులకు బాధ్యుడుగా ఒకరు ప్రతి సాయంకాలము అక్కడనే నిలువవలెను.

లాభము వచ్చినచో అది తెలుగు తరగతికే చెందవలెనని తీర్మానమున స్పష్టముగా వ్రాయవలసినదని కోరుచున్నాము. నష్టము వచ్చినచో, గతసారివలె కాక, సగము మేము భరింతుము. అంబత్తూరు, పెరంబూరు, తాంబరము వైపులకు వెడలిపోయిన మన కుటుంబములకు కార్డులు వ్రాసి, ఒక ఆదివారము అందరును ప్రదర్శనశాలకే రావలసినదని పిలువవలెను. కొత్వాలు చావడి బజారు 1996లో కోయంబేడునకు తరలిన పిమ్మట వారిని పెండ్లిండ్లలో తప్ప చూచుట లేదు.

గరిటె పట్టగల సోదరీమణులును, పెనము ముందు నిలువగల సోదరులును తమ పేర్లను శుక్రవారము లోపల కార్యదర్శిగారికి ఇయ్యవలెను. మా తల్లిగారు పేరు ఇచ్చియున్నారు. అరువదియేడేండ్ల వయస్సున ఆమె పొయ్యి యొద్ద నిలువరాదని మేమంటిమి. కూర్చుండి వాము నూరుదునని ఆమె అనిరి. శనగపిండి, చింతపండు, వాము మా దుకాణమునుండి కొన్న ధరకే ఇత్తుము. మిరపకాయలను మాత్రము ఏ దినమునకు ఆ దినము ఉదయము కోయంబేడులో ఏరి తేవలెను. ఆ పని మేము చేయుదుము.